నాన్న గుర్తుగా ఇచ్చిన పుస్తకం నాకు నచ్చలేదు

ప్రశ్న: నా వయసు 19. మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ల కిందట మా నాయన గుండెపోటుతో చనిపోయారు. శనగ పండించే రైతే అయినా హరిశ్చంద్ర వేషానికి చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు మంచి పేరుండేది. మొన్న నా పుట్టినరోజుకు, నాతోపాటు గదిలో ఉండే స్నేహితురాలు ఒక ఇంగ్లీషు నవల కొనిచ్చింది. తండ్రిని పోగొట్టుకున్న పదహారేళ్ల అమ్మాయి కథ అది. మొదటి నుంచి చివరి దాకా వచన కవితగానే రాశారు. ఇప్పుడు మా వయసు వాళ్లందరూ దాన్నే చదువుతున్నారు, ఏడ్చామని వీడియోలు పెడుతున్నారు. మొదటి పేజీలో ఆమె ‘మీ నాన్న గుర్తుగా’ అని రాసింది. మూడువందల పైచిలుకు పేజీలను ఒక్క సాయంత్రంలో చదివేశాను కానీ నాకు ఏమీ అనిపించలేదు. ఎలా ఉందని అందరి ముందు అడిగితే, “మామూలు వాక్యాల నడుము విరగ్గొట్టి పేర్చినట్టుంది, ఏడవండి ఏడవండి అని వెంటపడుతోంది” అన్నాను. ఆమె ఏడ్చేసింది. “మీ నాన్న పోయినా నీకు చలనం లేదు, నీకు మనసే లేదు” అంది. పదిహేను రోజులుగా మా మధ్య మాటలు లేవు. బాగుందని ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఎందుకంత పంతమని అమ్మ ఫోన్‌లో కోప్పడుతోంది. దినాలు అయిపోయాక నేను నిజంగానే ఏడవలేదు. బ్యాంకు కాగితాలు, పంట అప్పు, పాసుపుస్తకం మార్పిడి అన్నీ నేనే చూసుకున్నాను. (మొన్న శివరాత్రికి మా ఊళ్లో నాటకం వేస్తే, హార్మోనియం మొదలవగానే తలనొప్పి వచ్చి ఇంటికి వెళ్లిపోయాను.) నేను రాతిగుండె మనిషినా? ఆ పుస్తకాన్ని తిరిగి ఇచ్చేయాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యాన్ని మీరు బ్రాకెట్లలో పెట్టారు. తలనొప్పి అని రాశారు గానీ, అది హార్మోనియం శ్రుతి వినగానే ఎందుకు రావాలో మీకు తెలియక కాదు, దాని గురించి రాయడం మీకు కష్టం కాబట్టి అలా రాశారని నా అనుమానం. మూడువందల పేజీల పుస్తకానికి కదలని మనిషి ఒక్క శ్రుతికి లేచి ఇంటికి వెళ్లిపోయిందంటే, ఆమెకు మనసు లేదని అనడానికి వీల్లేదు. మనసు ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు కనుకనే ఆ చోటికి వెళ్లకుండా జాగ్రత్త పడుతోంది.

ఏడుపు గురించి రెండు మాటలు చెబుతాను. దుఃఖం అయిదు మెట్లుగా వస్తుందని, ఆ మెట్లన్నీ ఎక్కితేనే తీరుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అయిదు దశలను ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో వెలువరించిన పుస్తకంలో చెప్పారు. ఆమె వాటిని రాసింది మరణం దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వాళ్ల మనఃస్థితి గురించి. వెనక మిగిలిన వాళ్లు ఏ నెలలో ఏం అనుభవించాలో చెప్పే పంచాంగం కాదది. కొందరు ఏడ్చి దుఃఖపడతారు, మరికొందరు పనిచేస్తూ దుఃఖపడతారు. తండ్రి పేరున ఉన్న పాసుపుస్తకాన్ని చేతిలో పెట్టుకుని రెవెన్యూ కార్యాలయం వరండాలో కూర్చున్న పదిహేడేళ్ల పిల్ల పడే దుఃఖం కన్నీళ్లతో పడే దుఃఖం కన్నా తక్కువని ఎవరూ తూకం వేసి చెప్పలేరు.

మీ నాయన వేసిన వేషాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. కాటి సీనులో హరిశ్చంద్రుడు చేసే పని ఏమిటి? కన్నకొడుకు శవాన్ని మోసుకొచ్చిన భార్యను కాటి సుంకం అడుగుతాడు. ఏడుపును గొంతులో పెట్టుకుని, అప్పగించిన పని చేస్తాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన హరిశ్చంద్ర నాటకంలోని ఆ సీనులో కవి గుర్రం జాషువా శ్మశాన పద్యాలను కూడా కలిపి నటులు పాడుతుంటే, ఒక్కొక్క పద్యానికి రాగం తీసే ఆ కాసేపట్లో మన పల్లెల్లో మగవాళ్లు కూడా తువ్వాలుతో కళ్లు ఒత్తుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. మీరు పుట్టినప్పటి నుంచి ఇంట్లో విన్నది ఆ దుఃఖం. అప్పు కాగితాల ముందు మీరు నిలబడిన తీరు మీ నాయన వేషంలో నిలబడిన తీరే. దాన్ని మీ స్నేహితురాలు చూడలేదు, తప్పు ఆమెది కాదు. మీరు ఆమెకు చెప్పలేదు కదా.

ఇక పుస్తకం సంగతి. ఒకరి దుఃఖం మధ్యలో కవిత్వ చర్చ ఎందుకని కొందరు పాఠకులు నన్ను కోప్పడవచ్చు, కానీ మీ గొడవలో సగం కవిత్వం గురించే కాబట్టి దాన్ని దాటేసి సలహా చెప్పడం నాకు సాధ్యం కాదు. “వాక్యాల నడుము విరగ్గొట్టి” అన్నారు మీరు. ఆ మాట చదివి నేను నవ్వుకున్నాను, క్షమించండి. 1939లో పఠాభి అనే కవి తన వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానని సవాలు చేశారు. ఆయన గొప్పగా చెప్పుకున్నదాన్ని మీరు ఫిర్యాదుగా చెప్పారు. మీ ఇద్దరి మధ్య ఎనభై ఏళ్లకు పైగా దూరం ఉన్నా జగడం మాత్రం ఒకటే.

మీ చెవి పద్యంతో తయారైంది. ఆటవెలదికైనా సీసానికైనా గణాల లెక్క ఉంది, యతి ఉంది. పాదం ఎక్కడ ఆగాలో ఛందస్సు చెబుతుంది, ఆగిన చోట మీ నాయన రాగం అందుకునేవారు. వచన కవితలో ఆ లెక్క ఉండదు. పాదాన్ని ఎక్కడ విరవాలో కవి తన ఊపిరిని బట్టి, అర్థాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. అలాంటి నవలల్లో పేజీ మీద వదిలిన ఖాళీకి కూడా పని ఉంటుంది; ఆ అమ్మాయి చెప్పలేకపోయిన మాట అక్కడ ఉన్నట్టు పాఠకుడు ఊహించుకోవాలి. రాగానికి అలవాటుపడిన చెవికి ఆ ఖాళీలో ఏమీ వినిపించకపోవడంలో వింతేమీ లేదు. అయితే మీరు చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది. ఈ ఒక్క పుస్తకాన్ని చూసి మొత్తం ప్రక్రియనే తీసిపారేశారు. వచన కవితా పితామహుడని పేరున్న కుందుర్తి ఆంజనేయులు 1958లో వచన కవిత కోసం ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థను స్థాపించారు. వచన కవితలో కథ చెప్పాలని, సామాన్యుడి జీవితం అందులోకి రావాలని ఆయన పట్టుబట్టారు. ఆయన దారిలో రాసినవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. కడపలోనే చదువుతున్నారు కాబట్టి, ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వీలు చూసుకుని ఒకరోజు వెళ్లి అక్కడ దొరికే వచన కవితా సంపుటాల్లో రెండు మూడు తిరగేయండి. నచ్చి తీరాలని చెప్పడం లేదు, కానీ ఏది నచ్చలేదో మీకే తేటపడుతుంది.

ఒక చిన్న పరీక్ష కూడా చెబుతాను. ఆ నవలలో మీకు చికాకు కలిగించిన ఒక పేజీని తీసుకుని, విరిచిన పాదాలన్నిటినీ కలిపి మామూలు పేరాగా నోటుబుక్కులో రాసి, పైకి చదవండి. ఏమీ పోలేదనిపిస్తే మీ తీర్పు సరైనదే, ఆ రచయిత్రి ఊరికే వాక్యాలు విరిచారు. ఏదో తగ్గిందని అనిపిస్తే, ఆ తగ్గినదాని కోసమే పాదం అక్కడ ఆగిందని అర్థం. ఈ పరీక్ష చేసినప్పుడు ఇలాంటి పుస్తకాల్లో కొన్ని పేజీలు నెగ్గడం, చాలా పేజీలు ఓడిపోవడం నేను చూశాను. కాబట్టి అందరూ ఏడ్చిన పుస్తకం మీకు నచ్చకపోవడం వింతేమీ కాదు.

కానీ మీ కోపమంతా పాదాల విరుపు మీదే ఉందని నేను అనుకోవడం లేదు. “ఏడవండి ఏడవండి అని వెంటపడుతోంది” అన్నారే, అది ఛందస్సు గురించిన ఫిర్యాదు కాదు. తండ్రి పోయిన అమ్మాయి ఎలా ఉండాలో ఆ పుస్తకం మీకు నేర్పుతున్నట్టు, ‘మీ నాన్న గుర్తుగా’ అన్న మాట కింద దాన్ని పెట్టి మీ స్నేహితురాలు మీ చేతికి ఒక కొలబద్ద ఇచ్చినట్టు అనిపించి ఉంటుంది. ఆ కథలోని అమ్మాయికి ఏడవడానికి మూడువందల పేజీల తీరిక ఉంది, మీకు పంట అప్పు ఉంది. ఈ రెండు అయిష్టాలనూ విడదీసి చూసుకోండి, ఎందుకంటే మీరు మొదటిదాన్ని మాత్రమే పైకి అన్నారు, ఆమెకు తగిలింది రెండోది.

ఇప్పుడు ఆమెతో ఎలా మాట్లాడాలో చూద్దాం. అందరి ముందు కాదు, గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి; లేదంటే సాయంత్రం నడకకు పిలవండి. మీ అభిప్రాయానికి క్షమాపణ చెప్పవలసిన అవసరం లేదు, అది అన్న చోటికీ అన్న తీరుకూ చెప్పాలి. ఆమె తన డబ్బుతో కొని, మీ నాయనను తలుచుకుని ఇచ్చిన వస్తువు గురించి నలుగురిలో ఆ మాట అనడం ఎవరికైనా బాధ కలిగిస్తుంది. “నువ్వు మా నాయనను గుర్తుపెట్టుకుని ఇచ్చావు, నేను ఆ సంగతి మరిచిపోయి పుస్తకం గురించి మాట్లాడాను” అని మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత, ఆమె అన్న మాట మీకు ఎంత తగిలిందో కూడా దాచకుండా చెప్పండి. తండ్రి పోయిన పిల్లతో “నీకు చలనం లేదు” అనడం చిన్న మాట కాదు. అది మీలో ఉండిపోతే రేపు ఇంకో చిన్న గొడవలో పెద్దదై బయటికి వస్తుంది. ఆమె కూడా ఈ పదిహేను రోజులూ ఆ మాటను తిరగేసుకుంటూనే ఉండి ఉండవచ్చు.

వీలైతే కాటి సీను సంగతి, శివరాత్రి నాటి సంగతి ఆమెకు చెప్పండి. వీలుకాకపోతే వదిలేయండి, ఆ విషయంలో మిమ్మల్ని మీరు బలవంతపెట్టుకోవద్దు. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక కుటుంబం ఈనాటికీ ఆడుతోందంటే ఈ నేల మీద నాటకానికి ఎంత బలముందో తెలుస్తుంది. అయినా మీ స్నేహితురాలి లాంటి పట్నం పిల్ల పద్యనాటకాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. ఆమె ఆ నవలను మీకు ఇచ్చింది, ఎందుకంటే నాన్న లేకపోవడం గురించి చదవడానికి ఆమెకు తెలిసిన పుస్తకం అదొక్కటే.

మీ అమ్మగారి సలహా ప్రేమతో ఇచ్చినదే. ఇంట్లో ఇప్పటికే ఒకరు లేరు, కూతురికి ఉన్న ఒక్క స్నేహం కూడా పోతుందేమోనన్నది ఆమె భయం, దాన్ని నేను తప్పుపట్టను. అయినా బాగుందని అబద్ధం చెప్పమని మాత్రం నేను చెప్పలేను. వచ్చే పుట్టినరోజుకు అదే రచయిత్రి రెండో పుస్తకం వస్తుంది, అప్పుడు ఇంకో అబద్ధం కావాలి. అమ్మకు ఫోన్ చేసినప్పుడు పుస్తకం గొడవ చెప్పే బదులు, హార్మోనియం విని ఎందుకు లేచి వచ్చేశారో చెప్పి చూడండి. ఆ రాత్రి మీ వెనక ఆమె కూడా ఇంటికి వచ్చి ఉంటుందనే నా ఊహ.

ఇంకొకటి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, చదువు మీద ధ్యాస లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం ఇలాంటి ఉత్తరంతో సరిపెట్టుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏడవలేదన్న ఒక్క కారణానికి ఫోన్ చేయనక్కర్లేదు, ఎవరికీ చెప్పుకోలేని బరువుగా ఉంటే చేయండి.

పుస్తకాన్ని తిరిగి ఇవ్వకండి. దాన్ని మళ్లీ చదవనవసరం లేదు, తలగడ పక్కన పెట్టుకోనవసరమూ లేదు, పెట్టెలో మీ కాలేజీ పుస్తకాల కింద ఎక్కడో పడి ఉన్నా ఫర్వాలేదు. ఆ మొదటి పేజీ మీద మీ నాన్న అన్న మాట, మీ ఇంటి మనిషి కాని ఒక అమ్మాయి చేతిరాతలో ఉంది.