కుబుసం పంపిన రవికి

చిరంజీవి రవికి, గుణుపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు.

మహేంద్రతనయ నది గట్టున దొరికిన కుబుసం ఫోటో చేరింది. "ఇదేం పాము?" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఫోటోలో మంచం, దుప్పటి, నీ చెయ్యి బాగా పడ్డాయి. పామును గుర్తుపట్టే చోట్లే పడలేదు. అవి చూపించకపోతే ఎంత తెలిసినవాళ్ళయినా ఊహించి చెప్పాల్సిందే.

కుబుసాన్ని కాగితం మీద పరిచి పక్కన స్కేలు పెట్టు. రూపాయి బిళ్ళ వద్దు, దాని సైజు చాలాసార్లు మారింది. ముందు వీపు నడిమి వరసను దగ్గరగా తియ్యి. కట్లపాముకైతే ఆ వరసలో పొలుసులు పక్కవాటికంటే పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఒంటి మీద కట్లపాములాంటి పట్టీలే ఉండి, విషం లేకపోయినా మనల్ని హడలగొట్టే వుల్ఫ్ స్నేక్‌కి నడిమి వరస పెద్దగా ఉండదు. తర్వాత తోక అడుగు తియ్యి. కట్లపాముకి అక్కడ పొలుసులు అడ్డంగా ఒక్కొక్కటే, వుల్ఫ్ స్నేక్‌కి జంటలుగా ఉంటాయి. కుబుసం సాగుతుంది కాబట్టి దాని పొడవే పాము పొడవనుకోకు.

ఇదంతా కుబుసం సంగతి. బతికున్న పాము దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్ళావని తెలిస్తే మీ నాన్నకి చెప్పేస్తాను. ఎవరికైనా కాటు పడితే పేరు కోసం ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఒకటే.

సీతాకోకచిలుకైతే రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ కావాలి, ఒళ్ళు కూడా కనపడాలి. కామన్ మోర్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్ వేషంలో తిరుగుతాయి. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మోర్మన్. కప్పలకి ఫోటోతో పాటు కూత కూడా రికార్డు చెయ్యి.

మహేంద్రగిరి వైపు సవర ఊళ్ళలో పెద్దవాళ్ళని తప్పకుండా అడుగు. కానీ "ఇది ఫలానాదే కదా?" అని మాత్రం అడగకు, మొహమాటానికి అవునంటారు. ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఏ కాలంలో కనిపిస్తుంది అని అడిగితే గంటసేపు చెబుతారు.

జీవుల ఫోటోలు పెడితే నలుగురూ పేర్లు చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో నీ ఫోటో పెట్టినప్పుడు ఎవరైనా పేరు చెబితే థ్యాంక్స్ చెప్పినట్టుగా "అగ్రీ" నొక్కేయకు. అది మర్యాద కాదు, ఓటు. నీకు నువ్వుగా గుర్తులు పోల్చి చూశాకే నొక్కు. "ఎలా పోల్చారు?" అని అడగడానికి సిగ్గుపడకు, మంచివాళ్ళు సంతోషంగా చెబుతారు. సాలీళ్ళలో చాలావాటిని మైక్రోస్కోప్ లేకుండా జాతి వరకు తేల్చలేరు. "ఫలానా కుటుంబం, అంతకంటే చెప్పలేం" అన్నవాడి మాటే నేను ఎక్కువ నమ్ముతాను.

గూళ్ళు, గుడ్లగూబలు, అలుగులు (పాంగోలిన్లు), రెండు తలల పాము కనిపించిన చోటు మాత్రం ఎవరికీ చెప్పకు, ఫోటోలో లొకేషన్ కూడా తీసెయ్యి. అడిగేవాళ్ళందరూ అదేమిటో తెలుసుకోవడానికే అడగరు, పట్టుకుపోయేవాళ్ళూ ఉంటారు. అడవిలో ఎక్కడ చూశావో, తేదీ, టైము నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో.

ఇట్లు,
పెదనాన్న