తోతాపురి తోట ఉన్న ఇంటి పిల్లాడు ఇంటర్నేషనల్ బిజినెస్ చదవొచ్చా?

ఇంటర్ సీఈసీ అయిపోయింది, పూతలపట్టు దగ్గర నాన్నకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది, బీబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ చదవాలని ఉంది, ఇంట్లో మాత్రం "ఆ కోర్సు పేరే ఎవరూ వినలేదు, తిరుపతిలోనే బీకాం కంప్యూటర్స్ చెయ్యి" అంటున్నారు, ఏం చేయమంటారు అని అడిగావు. తమ్ముడూ, నేను చదివింది అదే కోర్సు. మాది బంగారుపాళ్యం. 2017లో చెన్నైలో డిగ్రీ అయింది. నాలుగేళ్లు అక్కడే ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు మన వైపే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాల పని చూస్తున్నాను.

చదువు. నా మాట అదే. కాకపోతే ఆ పేరులోని "ఇంటర్నేషనల్" చూసి వెళ్లొద్దు. మొదటి ఏడాది ఏ బీబీఏలోనైనా ఒకటే: అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మేనేజ్‌మెంట్. అసలు సబ్జెక్టులు, అంటే ఎగుమతి దిగుమతి విధానం, ఫారెక్స్, షిప్పింగ్, విదేశీ మార్కెటింగ్ లాంటివి రెండో ఏడాది నుంచి వస్తాయి. అవి కూడా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాతో చదివిన వాళ్లలో చాలామందికి అవి పరీక్ష రాసి మర్చిపోయే పాఠాలే అయ్యాయి. నాకు అలా కాలేదు. టీచర్ "సరుకు" అన్న ప్రతిసారీ నా కళ్ల ముందు మామిడికాయ ట్రాక్టర్ ఉండేది. నీకూ అంతే. నీకు ఒక సరుకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పెద్ద ఊళ్ల పిల్లలకు అది లేదు.

ఒక సంగతి చెప్తాను. 2021 ఆగస్టు, నేను ఫ్యాక్టరీలో చేరిన మొదటి సీజన్. జెడ్డాకు రెండు కంటైనర్లు వెళ్లాయి. ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు, డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు, అంటే ఒక్కో కంటైనర్‌లో 17.2 టన్నులు. డబ్బు లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్సీ) మీద రావాలి. అంటే కొన్నవాడి బ్యాంకు "ఫలానా కాగితాలు ఫలానా విధంగా ఇస్తే డబ్బు ఇస్తాను" అని ముందే రాసిచ్చే హామీ. అందులో తోతాపురి అనే మాటను ఇంగ్లీషులో "టి" తర్వాత "ఓ" పెట్టి రాశారు. మన వైపు అలవాటు వేరు కదా, "టి" తర్వాత "హెచ్" పెడతాం. నేను ఇన్వాయిస్‌లో అలాగే కొట్టాను. సరుకు బాగుంది, బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి కొలత, 14కు పైనే ఉంది, ఓడ టైముకు వెళ్లింది. బ్యాంకు మాత్రం కాగితాలు వెనక్కి తిప్పింది.

లెటర్ ఆఫ్ క్రెడిట్లకు ప్రపంచమంతా యూసీపీ 600 అనే నిబంధనలే వాడతారు, 2007 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఇన్వాయిస్‌లో సరుకు వివరణ ఎల్సీలో ఉన్న వివరణతో సరిపోవాలి. ఎల్సీలో వేరే గడువు రాయకపోతే ఓడకెక్కించిన 21 రోజుల్లోగా కాగితాలు బ్యాంకుకు చేరాలి. బ్యాంకు చూడడానికి ఐదు పని దినాల వరకు తీసుకోవచ్చు. మేము ఇచ్చింది 20వ రోజు. తప్పు బయటపడి, సరిచేసి మళ్లీ ఇద్దామంటే గడువు దాటిపోయింది. ఇక కొన్నవాడు ఒప్పుకుంటేనే డబ్బు. అతను టన్నుకు 15 డాలర్లు తగ్గిస్తే ఒప్పుకుంటానన్నాడు. ఒక్క అక్షరానికి ఐదు వందల డాలర్లకు పైగా పోయింది. ఆ వారం రోజులు నాకు అన్నం సహించలేదు. బ్యాంకు సరుకును చూడదు, కాగితాన్నే చూస్తుంది అని మా సార్ క్లాసులో చెప్పినప్పుడు నోట్సులో రాసుకున్నాను. అది ఒంటికి పట్టింది మాత్రం అప్పుడే. ఇప్పుడు ఎల్సీ రాగానే ప్రింట్ తీసి, సరుకు పేరు ఉన్న లైను కింద స్కేలు పెట్టి, ఒక్కో అక్షరం వేలితో చూస్తాను.

మీ నాన్నగారికి ఈ చదువు గురించి చెప్పాలంటే 2025 జూన్‌తో మొదలుపెట్టు. ఆయనకు ఆ సీజన్ బాగా గుర్తుంటుంది. ముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు కాయ కొనడానికి వెనకాడాయి. ట్రాక్టర్లు గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అన్నారు. ఆ ఎనిమిది కూడా చేతికి రాని రైతులు నాకు తెలుసు. తోటలో కాయ ధర మండీలోనే తేలుతుందని మన పెద్దవాళ్లు అనుకుంటారు. ఆ ధరలో సగం సౌదీలోనో నెదర్లాండ్స్‌లోనో జ్యూస్ కంపెనీ పెట్టే ఆర్డర్ దగ్గరే తేలిపోతుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, కిరాయిలు పెరిగాయి. ఆ కిరాయి ఎవరి నెత్తిన పడుతుంది అనే ప్రశ్నకు జవాబే ఇన్‌కోటర్మ్స్, అంటే ఖర్చు, రిస్క్ అమ్మేవాడిదా కొనేవాడిదా అని తేల్చే నిబంధనలు. 2020 నాటి రూల్స్‌లో మొత్తం 11 ఉన్నాయి. ఎఫ్‌ఓబీ చెన్నై అని అమ్మితే ఓడ కిరాయి కొన్నవాడిది. సీఐఎఫ్ జెడ్డా అంటే కిరాయి, ఇన్సూరెన్స్ మనవి. కానీ సీఐఎఫ్‌లో కూడా సరుకు చెన్నైలో ఓడ ఎక్కగానే రిస్క్ కొన్నవాడికి మారిపోతుంది. ఇంటర్వ్యూల్లో పిల్లలు తడబడేది ఇక్కడే. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకుని వెళ్లు.

మామిడి ఒక్కటే అనుకోకు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. 2004లో ఏం జరిగిందో తెలుసా? పెళ్లయిన యూదు మహిళల్లో సంప్రదాయం పాటించేవాళ్లు జుట్టు కప్పుకోవడానికి విగ్గులు వాడతారు. గుడిలో సమర్పించిన జుట్టుతో చేసినవి తమ మతం ప్రకారం వాడకూడదని వాళ్ల మతపెద్దలు తీర్పు చెప్పారు. న్యూయార్క్‌లో వీధుల్లోనే విగ్గులు తగలబెట్టారు. ఎవరి భక్తినీ తక్కువ చేయకుండా ఆలోచించు: మన కొండ మీద మొక్కుగా ఇచ్చింది, సముద్రం అవతల ఇంకొకరి నమ్మకానికి అడ్డొచ్చింది. మార్కెటింగ్ పుస్తకంలో "సాంస్కృతిక అంశాలు" అనే చాప్టర్ నాకు ఈ సంగతి తెలిశాకే అర్థమైంది. ఆ తర్వాత 2022 జనవరిలో ముడి జుట్టు ఎగుమతిని కేంద్రం స్వేచ్ఛా జాబితా నుంచి ఆంక్షల జాబితాలోకి మార్చింది. శేషాచలం ఎర్రచందనం, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అనుమతి లేకుండా దేశం దాటదు. ఇంత పాఠం మన ఊరి చుట్టూనే ఉంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. నా మొదటి జీతం నెలకు 13,000. చెన్నైలో తంబుచెట్టి వీధిలో ఇరుకు మెట్లెక్కి వెళ్లే ఆఫీసు. షిప్పింగ్ బిల్లులు (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే కాగితాలు) కొట్టడం, సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్ కోడ్ వెతకడం, పోర్టులో కంటైనర్ ఆగిపోతే రాత్రి పదకొండుకు ఫోన్లు. మొదటి ఏడాది టెన్షన్ తప్పదు. హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, మన దేశం ఇంకో రెండు కలిపి ఎనిమిది చేసింది. ఆ రెండు అంకెలు తప్పు పడితే సుంకం మారిపోవచ్చు. ఆ పని చేస్తూ కస్టమ్స్ వాళ్ల జి కార్డు పరీక్ష పాసైతే నీ బ్రోకర్ తరఫున కస్టమ్స్ కాగితాల మీద నువ్వే సంతకం పెట్టొచ్చు. అప్పటి నుంచి జీతం కదులుతుంది. ఇంకో మాట, మన చిత్తూరు వాళ్లకు తమిళం ఎలాగూ వచ్చేస్తుంది. చెన్నై హార్బర్‌లో అది నన్ను చాలా ఆదుకుంది.

ఇప్పుడైతే చెన్నై దాకా వెళ్లకుండా శ్రీసిటీ ఉంది. సత్యవేడు వైపు ప్రత్యేక ఆర్థిక మండలి (ఎస్ఈజెడ్), ఇసుజు, డైకిన్, కొబెల్కో లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి. అందుకే నీకు గట్టిగా చెప్పేది: డిగ్రీతో పాటే జపనీస్ మొదలుపెట్టు. జేఎల్‌పీటీ పరీక్ష జూలై, డిసెంబర్‌లలో ఉంటుంది, చెన్నైలో సెంటర్ ఉంది. ఎన్5తో మొదలై ఎన్1 దాకా ఐదు మెట్లు. మూడేళ్లలో ఎన్4 దాటి ఎన్3కు వెళ్తే నీతో పాటు అప్లై చేసిన వాళ్లలో నువ్వు వేరుగా కనిపిస్తావు. నేను ఆ పని చేయలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాలేజీ విషయంలో పేరు కంటే మూడు ప్రశ్నలు అడుగు. ఎగుమతి పత్రాల సబ్జెక్టు చెప్పేవాళ్లు ఎప్పుడైనా పోర్టులో గానీ బ్యాంకులో గానీ పని చేశారా? ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ పంపిస్తుందా, లేక సర్టిఫికెట్ తెచ్చుకోమంటుందా? సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులకు అనుమతి ఇచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉందా? 2024-25 నుంచి బీబీఏ కోర్సులు కూడా దాని కిందికి వచ్చాయి. "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్న బోర్డు చూసి లక్షలు కట్టొద్దు. మీ నాన్నగారు తోట తాకట్టు పెట్టేంత ఫీజు ఉన్న కాలేజీ అయితే నా సలహా వద్దనే. అప్పుడు తిరుపతిలో బీకాం చేసి, సెలవుల్లో ఎగుమతి ఆఫీసుల్లో పని నేర్చుకుని, పీజీలో ఇంటర్నేషనల్ బిజినెస్‌కు వెళ్లు. విదేశీ వ్యాపారం నేర్పే కేంద్ర సంస్థ ఐఐఎఫ్‌టీ ఇప్పుడు కాకినాడలో కూడా ఉంది, ఎంబీఏకు క్యాట్ స్కోరు మీద తీసుకుంటారు. ఆ దారిలో నష్టమేమీ లేదు.

విదేశాల్లో ఈ డిగ్రీ చేద్దామా అని కూడా ఒక లైను రాశావు. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్, గ్రోనింగెన్ లాంటి చోట్ల ఇంగ్లీషులోనే మూడేళ్ల కోర్సు ఉంది, నిజమే. నాలుగెకరాల మీద అది మోయలేని ఖర్చు. ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

ఈ జూన్‌లో కాయ కోతకొచ్చినప్పుడు నాన్నతో ట్రాక్టర్ ఎక్కి ఫ్యాక్టరీ దాకా రా. తూకం అయ్యేదాకా ఎలాగూ లైనులో ఉండాలి కదా, సూపర్‌వైజర్‌ను అడిగి లోపలికి వెళ్లి నింపిన డ్రమ్ముల మీద లేబుల్ చదువు. బ్యాచ్ నంబర్, తయారైన తేదీ, బ్రిక్స్, నికర బరువు, ఏ దేశానికి, అన్నీ ఉంటాయి. ఒక కాగితం మీద రాసుకుని, ఇంటికి వచ్చి నాన్నకు చదివి వినిపించి, ఆ తర్వాత కోర్సు మాట ఎత్తు. ఆయన ఏమన్నారో నాకు రాయి. ఫీజు వివరాలు కూడా పంపితే చూసి చెప్తాను.