వైబ్రేషన్స్ నేర్చుకుని ఎముకల దగ్గర పని చేయొచ్చా?

ప్రశ్న: సార్, మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. వైబ్రేషన్స్ అంటే ఇష్టం. తుంటి కీలు ఇంప్లాంట్ ఎముకలో గట్టిగా కూర్చుందో లేదో వైబ్రేషన్‌తో కనిపెట్టవచ్చని చదివాను. ఆ పని చేయాలంటే పీజీలో బయోమెడికల్‌కు మారాలా?

జవాబు: బ్రాంచ్ మార్చడానికి తొందరపడకండి. ఈ పనికి ముందుగా కావలసింది మీరిప్పుడు చదువుతున్న సబ్జెక్టే.

సిమెంట్‌తో అతికించని రకం ఇంప్లాంట్లలో సర్జన్ దాని కాడను (ఎముకలోకి దిగే పొడవాటి భాగాన్ని) తొడ ఎముకలోకి సుత్తితో కొట్టి బిగిస్తారు. గోడలో మేకు దిగేకొద్దీ చప్పుడు మారుతుంది చూడండి, ఇక్కడా అంతే. చెయ్యి తిరిగిన సర్జన్లు ఆ చప్పుడును బట్టి అంచనా వేస్తారు. దెబ్బ చాలకపోతే వదులు, ఎక్కువైతే ఎముక చిట్లుతుంది. ఆ చెవి పనిని యాక్సిలరోమీటర్‌కు, అంటే కంపనాన్ని కొలిచే సెన్సర్‌కు, అప్పగించాలన్నదే ఆలోచన. బిగుతు పెరిగేకొద్దీ సహజ పౌనఃపున్యాలు (దెబ్బ తగిలితే వస్తువు తనంతట తాను కంపించే ఫ్రీక్వెన్సీలు) పెరుగుతాయి. మరో దెబ్బ వేసినా అవి మారలేదంటే ఇక ఆపవచ్చన్నమాట. బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు ఆపరేషన్ జరుగుతుండగానే ఇలా కొలిచి చూశారు.

బిగుతుకు అంత పట్టింపు ఎందుకంటే, కాడకూ ఎముకకూ మధ్య కదలిక సుమారు 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపుంటే ఎముక దాన్ని అల్లుకుంటుంది. 150 దాటితే చాలావరకు పీచు కణజాలమే పెరుగుతుంది.

ఏళ్ల తర్వాత వదులైందేమో చూడటానికి మరో పద్ధతి ఉంది. మోకాలి దగ్గర షేకర్‌తో (కంపనం పుట్టించే పరికరంతో) ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న సైన్ తరంగం పంపి, తుంటి దగ్గర అందుకుంటారు. వదులుగా ఉంటే తరంగం చెడి, హార్మోనిక్స్ (పంపిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతలు లాంటివి) కలిసి వస్తాయి. అసలు చిక్కు కండ, కొవ్వు. అవి కంపనాన్ని మింగేస్తాయి. ల్యాబ్‌లో చక్కగా వచ్చిన గ్రాఫ్ మనిషి దగ్గరికొచ్చేసరికి అలా రాదు. మీలాంటివాళ్లకు పని మిగిలింది అక్కడే.

పంటి ఇంప్లాంట్లలో ఇదే సూత్రం క్లినిక్‌దాకా వచ్చేసింది. ఓస్టెల్ పరికరం స్థిరత్వాన్ని 1 నుంచి 100 వరకు ఐఎస్‌క్యూ (ఇంప్లాంట్ స్టెబిలిటీ కోషెంట్) అంకెగా చూపిస్తుంది. తుంటికి అంత మామూలు పరికరం ఇంకా లేదు.

ఉన్నమాట చెప్పాలంటే, కేవలం ఈ ఒక్క పనికే ఉద్యోగాలు తక్కువ. ఇంప్లాంట్ కంపెనీల టెస్టింగ్, ఆర్ అండ్ డీ విభాగాలు, లేదంటే పీహెచ్‌డీ ఈ దారిలో ఉంటాయి. మోడల్ (modal) ఎనాలిసిస్, అంటే వస్తువు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎలా కంపిస్తుందో చూడటం, సిగ్నల్ ప్రాసెసింగ్, వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి గట్టిగా పట్టండి. ఎనాటమీ తర్వాతైనా వస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఒక కృత్రిమ తొడ ఎముక తెచ్చుకుని, అందులో లోహపు కాడను దెబ్బదెబ్బకూ దించుతూ ఫ్రీక్వెన్సీ రాసుకోండి. ఆ గ్రాఫ్ పట్టుకుని ఒక ఎముకల డాక్టర్‌ని కలవండి.