మాజీ అథ్లెట్ ఇచ్చే మానసిక శిక్షణతో గోల్ఫ్ ఆట మెరుగవుతుందా?

మెరుగవుతుంది, కానీ స్వింగ్ (బంతిని కొట్టేందుకు కర్ర ఊపే తీరు) కాస్త కుదిరినవాళ్లకే. హన్మకొండ స్టేడియంలో లాంగ్ జంప్ నేర్పే మాజీ అథ్లెట్ కూడా గోల్ఫర్ మనసును సిద్ధం చేయగలరు. స్వింగ్ దిద్దడం మాత్రం గోల్ఫ్ కోచ్ పనే.

కారణం ఆటలోనే ఉంది. కబడ్డీలో కూతకెళ్లినవాడికి ఆలోచించే తీరిక ఉండదు. గోల్ఫ్‌లో బంతి కదలదు, మనమే దాని దగ్గరికి నడవాలి. ఒక రౌండ్‌లోని 18 హోల్స్‌కు, అంటే బంతిని చేర్చాల్సిన గుంతలకు, దాదాపు నాలుగు గంటలు పడితే, అందులో ఎక్కువ భాగం నడక, ఎదురుచూపే. పోయిన షాట్ బాధ, రాబోయే షాట్ టెన్షన్ అప్పుడే పట్టుకుంటాయి. భుజాలు బిగుసుకుంటాయి, పిడికిలి గట్టిపడుతుంది, స్వింగ్ తొందరవుతుంది. అందుకే ప్రతి షాట్‌కూ ఒకే క్రమం అలవాటు చేయిస్తారు: బంతి వెనక నిలబడి ఎక్కడ పడాలో చూసుకోవడం, నిండుగా ఊపిరి వదలడం, ముందుకెళ్లి కొట్టేయడం. రన్‌వే మీద అడుగులు కొలుచుకుని దూకినవాళ్లకు ఇది కొత్త కాదు.

స్వీడన్‌కు చెందిన పియా నీల్సన్ ప్రొఫెషనల్‌గా ఆడి, తర్వాత జాతీయ జట్టు కోచ్ అయ్యారు. 18 హోల్స్‌కు సాధారణంగా లెక్కగట్టే షాట్లు 72; ప్రతి హోల్‌లో ఒక షాట్ తగ్గిస్తే ఆ 72 కాస్తా 54 అవుతుందని, అది సాధ్యమేనని ఆటగాళ్లకు నూరిపోశారు. ఆమె దగ్గర ఎదిగిన అనికా సోరెన్‌స్టామ్ 2001లో ఒక రౌండ్‌ను 59 షాట్లలో ముగించారు.

చాలామంది మానసిక శిక్షణ అంటే ‘నువ్వు గెలుస్తావ్’ అని హుషారెక్కించడం అనుకుంటారు. అది తప్పు. ఇదీ సాధనే, ప్రాక్టీస్‌లో రోజూ చేయనిది పోటీ రోజు అక్కరకు రాదు.