విండోస్ 11కి మారాలా? ముందు కంప్యూటర్ వెనకవైపు చూడండి

విండోస్ 10 బాగానే పనిచేస్తున్నప్పుడు, మద్దతు ఆగిపోయిందన్న ఒక్క కారణానికి 11కి మారాలా, లేక ఉన్నదానితోనే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చా అని మీరు అడిగారు. తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ దుకాణం నడుపుతున్న నాకు ఈ విషయంలో రెండో మాట లేదు. మారవలసిందే. అయితే ఆ కంప్యూటర్ మీద ఆధారపడి బతుకుతున్న వస్తువుల్లో అన్నిటికన్నా పాతది ఏదో తెలుసుకున్న తరువాతే మారాలి. స్టార్ట్ మెనూ మధ్యలో ఉంటే బాగుంటుందా, మూలన ఉంటే బాగుంటుందా అని వీడియోలు చేసేవారు గంటలకొద్దీ మాట్లాడతారు గాని, కంప్యూటర్ వెనకవైపు ఏమేం తగిలించి ఉన్నాయో చూసుకోమని ఒక్కరూ చెప్పరు. నేను ఆ సంగతి ఒక శుభలేఖ దగ్గర నేర్చుకున్నాను.

2020 జనవరి 14న, సరిగ్గా భోగి పండుగ నాడు, విండోస్ 7కు మద్దతు ముగిసింది. పండుగ వెళ్ళిన పది రోజులకు మాఘమాసం వచ్చింది. మాఘమంటే మా దుకాణానికి ఏడాది తిండి. ఆ హడావిడిలో మా కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు వచ్చి, "అన్నా, ఇంకా సెవెనేనా? వైరస్ దూరిందంటే కార్డులన్నీ పోతాయి" అని భయపెట్టి, ర్యామ్ 8 జీబీకి పెంచి 64 బిట్ విండోస్ 10 వేస్తానన్నాడు. అప్పటిదాకా నాది పాత తరహా 32 బిట్ విండోస్. అది 4 జీబీకి మించిన ర్యామ్‌ను వాడుకోలేదు కనుక అతని మాటలో తప్పేమీ లేదు. 32 బిట్ నుంచి 64 బిట్‌కు మారాలంటే ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి మొదటినుంచి వేసుకోవాలి. శుభలేఖలన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదా అన్న ధైర్యంతో నేను సరేనన్నాను. వెనకవైపు ప్యారలల్ పోర్టుకు తగిలించి ఉన్న, అగ్గిపెట్టెంత డాంగిల్ (తెలుగు టైపు చేసే ప్యాకేజీకి అది తాళంచెవి లాంటిది) సంగతి అతనికి తెలియదు, నాకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి విండోస్ 10 వచ్చింది. కార్డులు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు ఎక్కింది, పాత ఫాంట్లు ఎక్కాయి, పాత కార్డులు అక్షరం చెదరకుండా తెరుచుకున్నాయి. నేను కుర్రవాడికి డబ్బిచ్చి పంపేశాను. తరువాత టైపు చేద్దామని కూర్చుంటే తెలుగు కీబోర్డు ప్యాకేజీ లేవలేదు. డాంగిల్ కనబడితేనే అది లేస్తుంది; డాంగిల్‌ను విండోస్‌కు పరిచయం చేసే డ్రైవరేమో 32 బిట్‌ది, 64 బిట్ విండోస్ దాన్ని లోపలికే రానివ్వదు. ప్రతి భాష అక్షరానికీ విడిగా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతికి ముందటి మన తెలుగు ఫాంట్లలో తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకొకచోట ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాగి ఉంటాయి. వాటిని కూర్చి పెట్టే ప్యాకేజీ లేకపోతే 'జ' కోసం మీట నొక్కినప్పుడు ఎవరిదో ఒక వత్తు వచ్చి కూర్చుంటుంది. అంటే నా దుకాణంలో తెలుగు చదవడానికి ఉంది, రాయడానికి లేదు.

సాయంత్రం ఏడింటికి పెళ్ళికూతురి తండ్రి ప్రూఫు చూసుకోవడానికి వచ్చారు. అమ్మాయి పేరు ఝాన్సీ. మేము ముందురోజు 'జాన్సీ' అని కొట్టాము. తొమ్మిదింటికి ట్రేసింగ్ (అచ్చు కోసం పారదర్శక కాగితం మీద తీసే ప్రింటు) ప్రెస్సుకు చేరకపోతే మరుసటి రోజు కార్డు ఉండదు. "పెళ్ళికూతురి పేరే తప్పు పడితే వియ్యాలవారి చేతిలో ఏ మొహంతో పెట్టను నాయనా?" అని ఆయన నెమ్మదిగానే అన్నారు. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలను గళ్ళ పెట్టె (కేసు) లోంచి ఏరి కంపోజ్ చేసిన మనిషి. కంప్యూటర్‌ను ముట్టుకోరు. సంగతి విని, "అక్షరాలు కనబడుతున్నాయి కదరా, కేసులోంచి తీసినట్టు తీసుకో" అన్నారు. నిజమే, పాత కార్డుల్లోంచి అక్షరాన్ని కాపీ చేసి ఇక్కడ అతికించవచ్చు. అయితే 'ఝ' ఎక్కడ దొరుకుతుంది? అచ్చుకేసులో కూడా దాని గడి దుమ్ము పట్టి ఉండేదని ఆయనే చెప్పేవారు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, ఆయన మాత్రం వెంటనే, "తెల్లవారుఝాము ముహూర్తం ఉన్న కార్డు తెరువు" అన్నారు. డీ డ్రైవ్‌లో అలాంటివి వెతికితే మొదటి రెండింట్లో మా ఆపరేటరు నిఘంటువు ప్రకారం 'జాము' అనే కొట్టింది. శుద్ధమైన తెలుగు మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు. మూడో కార్డులో, ఎవరో పురోహితుడు పట్టుబట్టి రాయించిన 'ఝా' దొరికింది. దాన్ని ముక్కలు విడిపోకుండా తీసి అతికించి, సైజు సరిచేసి, ప్రింటు తీసి చూపించేసరికి ఎనిమిదిన్నర అయింది.

అప్పుడు పెళ్ళికూతురి తండ్రి సంతోషించి, "పనిలో పనిగా మేనమామ గారి పేరు కూడా ఆహ్వానించువారిలో వేసేద్దాం" అన్నారు. ప్రూఫు చూశాక మేనమామలు గుర్తుకు రావడం అనే జబ్బు ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు, దానికి మందు లేదు. ఆ ఒక్క పేరు, ఇంటిపేరుతో కలిపి, నాలుగు పెళ్ళిళ్ళ కార్డుల్లోంచి అక్షరం అక్షరం ఏరి కట్టాము. ప్రెస్సువారిని బతిమాలి పదిన్నరకు ట్రేసింగ్ ఇచ్చాను. మర్నాడు అదే కుర్రవాడి చేత, మళ్ళీ డబ్బిచ్చి, పాత విండోస్ 7 సీడీ వేయించాను. రెండు ఫార్మాట్ల మధ్య డెస్క్‌టాప్ మీద ఉన్న నా బాకీల పట్టిక పోయింది. ఆ బాకీలు ఎవరూ వచ్చి గుర్తుచేయలేదు.

ఇక మీ సంగతికి వస్తాను. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆగిపోతుందని కాదు, దానిలో బయటపడే కంతలను ఇకమీదట పూడ్చరని అర్థం. వ్యక్తిగత వాడకందారులకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు దాచుకునేవారికి అది డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. అది గడువు మాత్రమే గనుక, దానిని చూసుకుని నిద్రపోవద్దు. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ కంతకు మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోని యంత్రాలే ఎక్కువగా చిక్కాయి. అప్‌డేట్ అనగానే 'రేపు గుర్తుచేయి' నొక్కే మన అలవాటు ఎంత ఖరీదైనదో అప్పుడే తెలియాలి గాని తెలియలేదు.

విండోస్ 11లో 32 బిట్ కూర్పు అసలే లేదు. మీ విండోస్ 10 అలాంటిదైతే నాకు జరిగినదే మీకూ జరుగుతుందని అనుకుని బయలుదేరండి. మీది 64 బిట్‌దే అయితే సగం గండం ఎప్పుడో దాటేశారు. అప్పుడు చూడవలసింది ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు. ఇంటెల్‌లో స్థూలంగా ఎనిమిదో తరానికి ముందువాటిని విండోస్ 11 ఒప్పుకోదు. ఆ పరీక్షను తప్పించి పాత యంత్రంలో కూడా వేసి ఇస్తామనే కుర్రవాళ్ళు ఊరూరా ఉన్నారు. వేయగలరు, నిజమే. అయితే అలాంటి యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ కంపెనీ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే మారుతూ, అవి వస్తాయో రావో తెలియని చోటికి మారడం ఏమి తెలివో నాకు అర్థం కాదు. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసుకుంటే పది రోజుల లోపల వెనక్కి వెళ్ళే వీలుంటుంది. ఆ పది రోజుల్లో మీ దగ్గరున్న ప్రతి ప్రింటరునూ, స్కానరునూ, బిల్లుల సాఫ్ట్‌వేరునూ ఒక్కసారైనా నడిపి చూడండి. ఫార్మాట్ చేసి వేసుకుంటే మాత్రం ఆ దారి ఉండదు.

నేను 2025 ఆషాఢంలో, ముహూర్తాలు లేక దుకాణం ఖాళీగా ఉన్న రోజుల్లో, విండోస్ 11తో కొత్త కంప్యూటర్ కొన్నాను. పాతదాన్ని మార్చలేదు, అమ్మలేదు. ఇంటర్నెట్ తీగ పీకేసి మూలన పెట్టాను. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలుగు రాదు, దాన్ని ఇక ఎవరూ బాగుచేయరు. విండోస్‌లో తెలుగు యూనికోడ్ ఎక్స్‌పీ కాలంలోనే, గౌతమి ఫాంటుతో వచ్చింది. పేజ్‌మేకర్ తరువాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో 2012 నాటికే తెలుగు సరిగా కూర్చుంది. మా ఊరివాడి పేరు పెట్టిన తెనాలి రామకృష్ణ ఫాంటుతో సహా ఎన్నో మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇన్ని ఉండి కూడా ఇన్నేళ్ళు ఒక డాంగిల్‌కు కట్టుబడి ఉండిపోయింది నా బద్ధకమే. ఇప్పుడు పాత కార్డులను యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాను. కన్వర్టరు తొంభై పాళ్ళు బాగానే చేస్తుంది, మిగిలిన పదిలో వత్తులు పక్క అక్షరం కిందికి పోతాయి. వాటిని మా నాన్నగారు కాగితం మీద ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తున్నారు.

మీ ప్రశ్నలో కంప్యూటర్‌ను దేనికి వాడతారో రాయలేదు. ఇంటర్నెట్‌కు, పిల్లల చదువుకు మాత్రమే అయితే, ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి ఈ ఆదివారమే మారండి. దుకాణానికో, ఆఫీసుకో అయితే 32 బిట్‌దా 64 బిట్‌దా అన్నదీ, వెనకవైపు ఏయే తీగలు దేనికి వెళ్తున్నాయన్నదీ కింద రాయండి.