గల్లాపెట్టెలో దొరికిన నాణెం కోసం గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: పలాసలో కిరాణా కొట్టు నడుపుతున్నాను. అచ్చు ఒక పక్కకు జరిగిపోయిన పది రూపాయల నాణెం గల్లాపెట్టెలో దొరికింది. దాన్ని 3 లక్షలకు కొంటామని ఫోన్ చేసినవారు ముందుగా పన్ను కింద 4,800 రూపాయలు పంపమంటున్నారు. ఇలాంటివే మరికొన్ని కొనడానికి నా భార్య గాజులపై లక్షన్నర అప్పు తీసుకోవాలని ఉంది. ఇంటి ఖర్చు నెలకు 18 వేలు, బ్యాంకులో 11 వేలు ఉన్నాయి.

జవాబు: ఆ 4,800 పంపకండి. సరుకు కొనేవాడు డబ్బు ఇస్తాడే గాని అమ్మేవాడి దగ్గర పుచ్చుకోడని కొట్టు నడిపే మీకు నేను చెప్పాలా? తన పేరు వాడుకొని పాత నోట్లు, నాణేల అమ్మకాలపై రుసుములు, పన్నులు గుంజుతున్నారని, ఆ వ్యవహారాలతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయండి.

నాణేన్ని చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుందేమో గాని సేకర్తలు ఇచ్చే ధర పడిపోతుంది. అంచులు పట్టుకొని తీసి, బంగారం కొట్టు కాటాపై తూయించండి. పది రూపాయల నాణెం దాదాపు 7.7 గ్రాములు ఉండాలి. అచ్చు మాత్రమే జరిగినదైతే లోహం ఎక్కడికీ పోదు గనుక బరువు దాదాపు అంతే తూగుతుంది. బాగా తగ్గిందంటే ఎవరో అరగదీసి ఉంటారు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాల గుర్తు మాత్రమే, అరుదైనదేమీ కాదు. విజయనగరంలో నా దగ్గరకు ఇలాంటివి చేతిరుమాల్లో చుట్టి తెచ్చినవారు ఉన్నారు, వాటిలో చాలావరకు బండి చక్రాల కింద నలిగినవే. మీది నిజమైనదే అనిపిస్తే ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు చూపించండి. అడుగుతున్న ధరలను కాకుండా, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలను చూసుకోండి.

ఇక అప్పు మాట. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన అంకె 11 వేలు. అంటే మీ ఇల్లు మూడు వారాలైనా గడవదు, అయినా తాకట్టు గురించి ఆలోచిస్తున్నారు! నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 1,500 కట్టాలి, కొన్న నాణేలు మాత్రం ఎవరైనా కొనేదాకా డబ్బాలో పైసా కూడా సంపాదించవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు జీడితోటలు కూలిన తరువాత మీ అరువు పుస్తకంలో ఎంత వసూలైందో ఒకసారి తిరగేసి చూడండి. అలాంటి నెలల్లో ఆదుకోవలసిన గాజులను ఎవరో చెప్పిన నాణేలకు కుదువ పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 1,08,000 రూపాయలు, కొట్టు లెక్కలతో కలవని వేరే ఖాతాలో ఉండాలి. నెలకు 4,000 వేస్తే రెండేళ్లలో దాదాపు చేరుకుంటారు. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ ఏడాదే తీసుకోండి; సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడుల) సంగతి ఆ తరువాత చూడవచ్చు. నాణెం అమ్ముడైతే, అది 500కే అయినా, ఆ సొమ్ము ముందు ఆ ఖాతాలోనే వేయండి.