డిజైన్‌కు విడిగా బిల్లు రాయగలమా?

ప్రశ్న: మాది ఖమ్మం. పదిహేనేళ్లుగా ఫ్లెక్స్ ప్రింటింగ్ దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం పూర్తి చేశాడు. రాత్రిళ్లు ఎవరూ వినని బ్యాండ్ల పాటలు వెతుక్కుని వింటాడు. హైదరాబాద్ వెళ్తే దారిన పోయే కుర్రాళ్ల చొక్కాలూ బూట్లూ ఫొటోలు తీసుకొస్తాడు. దుకాణంలో కంప్యూటర్ ఖాళీగా ఉంటే పోస్టర్లు గీస్తూ కూర్చుంటాడు. ఎప్‌సెట్ రాయనని, డిజైన్ చదువుతానని పట్టుబడుతున్నాడు. నేను పడుతున్న పాట్లే వాడు రేపు పెద్ద పేరుతో పడతాడేమోనని నా భయం. కొత్త పాటలు, కొత్త ఫ్యాషన్లు వెతకడం కూడా ఒక ఉద్యోగమవుతుందా? ఏం చేయమంటారు?

సమాధానం: మీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మీ వృత్తిని చూస్తేనే అర్థమవుతోంది. ఫ్లెక్స్‌ను చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. దాని మీద బొమ్మ అమర్చినందుకు, అక్షరాలు కూర్చినందుకు విడిగా ఎవరూ పైసా ఇవ్వరు. వచ్చినవాడు ఆపరేటర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నాయకుడి ఫొటో పెద్దది చేయమనీ, తన ఫొటో కూడా చిన్నది కాకుండా చూడమనీ చెబుతుంటాడు. పదిహేనేళ్లు అది చూసిన తండ్రికి డిజైన్ అంటే ముద్రణకు ఉచితంగా తగిలించే సరుకుగా కనిపించడంలో వింత లేదు. అందువల్ల ఈ రంగంలో కూడు దొరుకుతుందా అని అడిగేకంటే, మీ అబ్బాయి డిజైన్ ఉచితంగా పోయే వైపు నిలబడతాడా, దానికి వెల కట్టే వైపు నిలబడతాడా అని అడగడం మేలు. నా సమాధానమంతా ఆ తేడా గురించే.

వెతకడం ఉద్యోగమవుతుందా అన్న మీ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. పాటలు వింటూ కూర్చుంటే జీతమిచ్చేవారు లేరు. అయితే ఆ వెతుకులాటే ప్రాణమైన కొలువులు కొన్ని ఉన్నాయి. రాబోయే కాలంలో ఏ రంగులు, ఏ కోతలు, ఏ నమూనాలు జనం కోరుకుంటారో ముందుగా అంచనా వేసి దుస్తుల కంపెనీలకు చెప్పే డబ్ల్యూజీఎస్ఎన్ అనే సంస్థ 1998లో లండన్‌లో మొదలైంది. మన నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) కూడా అదే పనిని భారతీయ దుస్తుల కోసం చేయడానికి విజన్‌నెక్స్ట్ అనే విభాగాన్ని పెట్టుకుని, 2024లో దాని పోర్టల్‌నూ, ట్రెండ్ పుస్తకాన్నీ విడుదల చేసింది. సంగీత కంపెనీల్లో కొత్త గాయకులను గుర్తించేవారు, పాటల యాప్‌లలో ప్లేలిస్టులు కూర్చే సంపాదకులు కూడా ఇలాంటి పనే చేస్తారు. ఇవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగే కొలువులు, ఇంటర్ పూర్తయిన కుర్రవాడికి నేరుగా దొరికేవి కావు. పైగా అక్కడ ఏది బాగుందో చెబితే సరిపోదు, ఎందుకు బాగుందో, ఎవరికి పనికొస్తుందో కూడా చెప్పగలగాలి.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని, కోప్పడకుండా వాడి ఫోన్‌లోని ఫొటోలు వాడి పక్కన కూర్చుని చూడడం. ఒక చొక్కా ఫొటో చూపించి ఇది ఎందుకు తీశావని అడగండి. ఊరికే నచ్చిందని అంటే అది ఇంకా సరదాగానే ఉందని అనుకోవచ్చు. భుజం కుట్టు కిందికి జారి ఉందనో, బనియన్ గుడ్డ మందంగా ఉండి నిలబడుతోందనో, పోచంపల్లి ఇక్కత్ నమూనాను నేయకుండా అచ్చువేశారనో చెప్పగలిగితే వాడి కన్ను పనిలో పడిందని అర్థం. ఇక్కత్‌లో నూలుకు ముందుగా రంగు అద్ది ఆ తర్వాత నేస్తారు గనుక అంచుల దగ్గర రంగు కాస్త చెదిరినట్టుంటుంది. అచ్చు గుడ్డలో ఆ చెదురు సహజంగా రాదు. మీరు హైదరాబాద్ వచ్చే దారికి పోచంపల్లి ఎంతో దూరం కాదు, ఒకసారి మగ్గం దగ్గరకు తీసుకెళ్లండి. వీధిలో కనిపించే ఫ్యాషన్‌ను ఫొటోలతోనే చదవాలనుకునేవారు గుడ్డ గురించి ఏమీ నేర్చుకోరు.

పాటల విషయంలోనూ ఇంతే. యాప్ తనంతట తాను అందించే పాటలు నిన్న విన్నవాటికి చుట్టాలే అయి ఉంటాయి. అసలైన వెతుకులాట పేర్ల వెంట సాగుతుంది: నచ్చిన పాటను మిక్స్ చేసినదెవరు, ముఖచిత్రం గీసినదెవరు, అదే మనిషి ఇంకెవరికి పని చేశాడు అని ఒక్కొక్క పేరూ పట్టుకుని వెళ్లాలి. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అనే పాటల వెబ్‌సైట్‌లో ఊరి పేరుతోనూ, సంగీత రీతి పేరుతోనూ వెతికే వీలుంది, నచ్చితే సంగీతకారుడి దగ్గరే కొనుక్కోవచ్చు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో జరిగే కార్యక్రమాలకు మీ అబ్బాయి వెళ్తే, తెర మీద కాకుండా ఎదురుగా పాడేవారినీ, వారి సామాను మోసేవారినీ, గోడకు పోస్టర్ అంటించేవారినీ చూస్తాడు. ఆ పోస్టర్ చేసిన మనిషి ఎవరో తెలుసుకోవడం వాడికి పాట కంటే ఎక్కువ ఉపయోగపడవచ్చు. చౌరస్తా బ్యాండ్‌లో పాడుతూ వచ్చిన రామ్ మిరియాల తర్వాత సినిమా పాటలకు వెళ్లిన సంగతి మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. స్వతంత్ర సంగీతం మన దగ్గర చాలామందికి సినిమాకు చేర్చే వంతెనగానే ఉంది. దాని మీదే బతకడం ఇప్పటికీ కష్టమైన పనే కనుక, వాయించడం, పాడడం రాని కుర్రవాడు కేవలం అభిరుచిని నమ్ముకుని సంగీత రంగంలో జీవనం వెతుక్కోవడాన్ని నేను ప్రోత్సహించలేను.

గోడల మీది బొమ్మల సంగతి వేరు. రాజ్‌భవన్ దగ్గరున్న ఎంఎస్ మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేయించింది. హైదరాబాద్‌కు చెందిన స్వాతి, విజయ్ అనే చిత్రకార దంపతులు స్టెన్సిల్ (కత్తిరించిన అచ్చు మీదుగా రంగు వేసే) పద్ధతిలో గోడచిత్రాలు వేసి పేరు తెచ్చుకున్నారు. ఆ సందుల్లో ఒక పూట తిరిగిన విద్యార్థికి కొలత అంటే ఏమిటో తెలుస్తుంది. ఫోన్ తెర మీద అందంగా ఉన్న గీత రెండంతస్తుల గోడ మీద నిలబడకపోవచ్చు.

ఇక్కడ మీకు తెలియకుండానే మీ దగ్గరున్న విద్య గురించి చెప్పాలి. రోడ్డు అవతల బైకు మీద వెళ్లేవాడు ఒక్క చూపులో చదవగలిగేలా ఫ్లెక్స్ ఉండాలని మీకు తెలుసు. పాట విడుదల చేసేవారు ఈ రోజుల్లో 3000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు గల చతురస్రపు ముఖచిత్రం సిద్ధం చేసుకుంటారు, కానీ వినేవాడి ఫోన్‌లో అది బొటనవేలి గోరంత కనిపిస్తుంది. అంత చిన్న స్థలంలో బ్యాండ్ పేరు చదవగలిగేలా చేయడానికీ, మీరు నలభై అడుగుల దూరం నుంచి చదివించడానికీ మూలసూత్రం ఒక్కటే. ఈ సంగతి డిజైన్ కాలేజీలో మొదటి ఏడాది నేర్పుతారు. మీ అబ్బాయి మీ దుకాణంలోనే నేర్చుకుని వెళ్లవచ్చు.

పాట, బట్ట, బొమ్మ మూడూ ఒకచోట కలిసేది బ్యాండ్ల టీషర్టు మీద. కచేరీ అయ్యాక బల్ల మీద పరిచి అమ్మే ఆ చొక్కాలు చాలా చిన్న బ్యాండ్లకు యాప్‌ల నుంచి వచ్చే చిల్లర కంటే ఎక్కువ రాబడి ఇస్తాయి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ చేయాలి గనుక రెండు రంగుల్లో తేల్చగలిగినవాడే మంచి డిజైనర్. డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) పద్ధతిలో ఫిల్మ్ మీద ఎన్ని రంగులైనా వేసి ఒక్క చొక్కాకైనా అతికించవచ్చు, అయితే బొమ్మ పెద్దదైతే గుడ్డ మీద ప్లాస్టిక్ పొరలా గట్టిగా తగులుతుంది. గుడ్డ బరువును జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు. మామూలు టీషర్టు 180 దగ్గర ఉంటే, ఇప్పుడు కుర్రాళ్లు వేసుకునే వదులు చొక్కాలు 220, 240 దాకా వెళ్తున్నాయి. ఈ లెక్కలన్నీ తెలిసిన ముద్రణదారు ఇంట్లోనే ఉండడం మీ అబ్బాయికి కలిసొచ్చే విషయం. సొంత బట్టల బ్రాండ్ పెడతానని మాత్రం ఇప్పుడే అంటే ఒప్పుకోకండి. తిరుప్పూర్ నుంచి సరుకు తెప్పించి అచ్చువేయడం తేలికే, మిగిలిపోయిన సైజులను అమ్ముకోవడమే కష్టం, ఆ భారం ఇంటి మీద పడుతుంది.

వీటన్నిటికంటే నేను ఎక్కువ ఆశ పెట్టుకునేది తెలుగు అక్షరం మీద. మన కుర్రాళ్ల సంగీత పోస్టర్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటాయి, తెలుగు పెట్టవలసి వస్తే మీ దుకాణంలో ఉన్న అను ఫాంట్లే అక్కడా కనిపిస్తాయి. అందుకు కారణం బద్ధకం ఒక్కటే కాదు. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి సాగుతాయి కాబట్టి రెండు పంక్తులను దగ్గరగా బిగించి శీర్షిక కట్టడం ఇంగ్లీషులోకంటే ఎంతో కష్టం. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటను పోస్టర్ నడుమ అందంగా కూర్చోబెట్టమని ఎవరినైనా అడిగి చూడండి. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి వంటి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి, ముంబైలోని ఏక్ టైప్ సంస్థ తన బాలూ ఖతికి తెలుగు రూపం చేసి దానికి ముచ్చటగా బాలూ తమ్ముడు అని పేరు పెట్టింది. అయినా చేతితో తెలుగు అక్షరం గీసి, దానికి ఒక గొంతు, ఒక నడక ఇవ్వగలవారు అవసరానికి తగినంతమంది లేరని నా అభిప్రాయం. ఫ్లెక్స్ వచ్చాక పని పోగొట్టుకున్న సైన్‌బోర్డు చిత్రకారులు మీ ఊళ్లో మీకు తెలిసే ఉంటారు. (మీ వృత్తిని నిందించడం లేదు, అది అందరికీ తెలిసిన సంగతే.) వారిలో ఒకరి దగ్గరకు మీ అబ్బాయిని వేసవి సెలవుల్లో రోజుకో గంట పంపి, కుంచెతో ‘క’ గుణింతం రాయించండి. గురుదక్షిణ తప్పకుండా ఇవ్వండి.

చదువుల విషయానికొస్తే, మీ అబ్బాయి ఎంపీసీలో ఉండడం అడ్డంకి కాదు. డిజైన్ ప్రవేశాలకు ఏ గ్రూపు వారైనా అర్హులే. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్షతో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బీడీస్ అనే డిజైన్ డిగ్రీలో చేరవచ్చు. ఆ పరీక్షలో కంప్యూటర్ మీద రాసే భాగంతోపాటు చేత్తో గీసే భాగం కూడా ఉంటుంది, వరుసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు. 1995లో మొదలై ఇప్పుడు మాదాపూర్‌లో ఉన్న నిఫ్ట్‌లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ అనే కోర్సు మీ అబ్బాయి మూడు ఇష్టాలకూ దగ్గరిది. సృజన సామర్థ్య పరీక్ష, సాధారణ సామర్థ్య పరీక్ష రాశాక, ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే ఒక వస్తువు తయారుచేసే సిచ్యుయేషన్ టెస్టు ఉంటుంది. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మొదలైన ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, సీట్లు చాలా తక్కువ. యూసీడ్ జనవరిలోనూ, నిఫ్ట్, ఎన్ఐడీ తొలి పరీక్షలు చలికాలం పూర్తయ్యేలోపునూ అవుతుంటాయి కాబట్టి, దరఖాస్తుల ప్రకటనలను శరదృతువు నుంచే గమనిస్తూ ఉండాలి. ఇంటర్ పరీక్షలయ్యాక మేలుకునేవారు ఆ ఏడాదిని పోగొట్టుకుంటారు.

ఖర్చు భరించడం కష్టమైతే, లేదా పై మూడింటిలో సీటు రాకపోతే, మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్‌తో (ప్రకటనలు, పోస్టర్ల వంటి పనులకు వాడే చిత్రకళతో) బీఎఫ్ఏ అనే డిగ్రీ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష వేరు. చాలామంది దీన్ని చివరి దారిగా చూస్తారు కానీ నాకు ఆ చూపు నచ్చదు. మీ అబ్బాయి లాంటి చేతిపని పిల్లవాడికి ఇదే మొదటి దారి కావచ్చు. ప్రైవేటు సంస్థల విషయంలో మాత్రం కాస్త కటువుగా ఉండండి: డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏదో, దానికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడండి, నిరుడు చదువు ముగించిన విద్యార్థుల పనిని చూపించమని అడగండి. ఏసీ గదులు చూపించి పిల్లల పని చూపించనిచోట డబ్బు కట్టకండి.

ఎప్‌సెట్ రాయనంటున్నాడు కదా, రాయమనండి. అది వేసవిలో వస్తుంది, డిజైన్ తొలి పరీక్షల తర్వాతే. రాసినంత మాత్రాన చేరాలని లేదు, రాయకపోతే మీకు నిద్ర పట్టదు. ఇద్దరి మధ్య ఒప్పందం కావాలంటే ఇలా చేసుకోండి: వాడు రోజుకు రెండు గంటలు గీతలు సాధన చేస్తాడు, మీరు ఆ రెండు గంటల్లో లెక్కల పుస్తకం మాట ఎత్తరు, మిగిలిన సమయంలో వాడు ఎంపీసీ చదువుతాడు.

ఇంకొక్క జాగ్రత్త. వీధి ఫ్యాషన్‌లో హీరోల ముఖాలు, సినిమా డైలాగులు, పెద్ద కంపెనీల గుర్తులు అనుమతి లేకుండా మార్చి అచ్చువేయడం గొప్పగా కనిపిస్తుంది, కానీ అమ్మితే అది చట్టం ముందు తప్పే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా గీసిన బొమ్మకు నమోదు లేకుండానే హక్కు పుడుతుంది. ఆ హక్కు ఎవరికి చెందుతుందో, పని ఎన్నిచోట్ల వాడుకోవచ్చో బ్యాండ్‌తోనైనా, స్నేహితుడితోనైనా నాలుగు వాక్యాల్లో రాయించుకోవడం మొదటి పోస్టర్ నుంచే అలవాటు కావాలి. సాఫ్ట్‌వేర్ సైతం దొంగ కాపీ వద్దు. ఇంక్‌స్కేప్, క్రిటా ఉచితంగానే దొరుకుతాయి, నేర్చుకోవడానికి చాలు.

చివరగా, దుకాణంలో చేయవలసిన పని ఒకటుంది. వచ్చే నెలలో ఒక కాలేజీ వేడుకకో, బట్టల దుకాణం ప్రారంభానికో వచ్చే ఆర్డరును మీ అబ్బాయికి అప్పగించండి. మీరు పక్కన కూర్చోవద్దు, కొనేవారినీ కూర్చోనివ్వవద్దు. వాడే వారితో మాట్లాడి, ఏం కావాలో రాసుకుని, మూడు చిత్తు నమూనాలు చూపించి ఒకటి ఖాయం చేసుకోనివ్వండి. బిల్లు రాసేటప్పుడు ముద్రణ ఒక వరుసలోనూ, డిజైన్ రెండో వరుసలోనూ రాసి, రెండో వరుసలో ఎంత వేయాలో వాడినే చెప్పమనండి. కొనేవారు ఆ అంకె చూసి బేరమాడినప్పుడు వాడు ఏ జవాబు చెప్పాడో, నమూనాలతో పాటు నాకు రాసి పంపండి. ఏ కోర్సుకు దరఖాస్తు చేయాలో అప్పుడు ఇంతకంటే స్పష్టంగా చెప్పగలను.